ఇరవై ఒకటి నిండినయా తమ్మీ?

ఓటుకు 18. బండి లైసెన్సుకు 18. అబ్బాయి పెళ్లికి 21. మందు సీసాకూ 21! మొదటి మూడింటికీ కాగితం చూపించనిదే పని కాదు. నాలుగోదానికి మాత్రం చాలాచోట్ల మీసకట్టే కాగితం! నల్గొండ గడియారం సెంటర్ నుంచి మర్రిగూడ పల్లెల దాకా, అక్కణ్నుంచి కృష్ణ ఒడ్డు దాకా వెళ్లి చూస్తే ఈ ఇరవై ఒకటి చుట్టూ ఎన్ని తిప్పలో...

సాయంత్రం ఏడు దాటింది. నల్గొండ గడియారం సెంటర్‌లో ఆటోల హారన్లు, మిర్చి బండ్ల దగ్గర నూనె పొగ, దేవరకొండ బస్సు పోతుందేమోనని బస్టాండు వైపు పరుగులు. ఆ సందడి దాటి కాస్త ముందుకు నడిస్తే... ఇనుప జాలీ వెనక తెల్లగా వెలుగుతున్న ట్యూబులైట్లు. ముందు తోసుకుంటున్న జనం. అది వైన్స్ అని వేరే చెప్పాలా!

జాలీకి ఉన్న కంతలోంచి నోట్లు లోపలికి పోతుంటాయి. సీసాలు బయటికి వస్తుంటాయి. లోపలున్న మనిషికి కనిపించేది చెయ్యి. వినిపించేది బ్రాండు పేరు. మొహం చూడాలంటే వంగాలి. రద్దీ వేళ వంగే తీరిక ఎవరికి? పక్కనే గోడ మీద బోర్డు ఉంటుంది, ఇరవై ఒక్క ఏళ్ల లోపు వారికి మద్యం అమ్మబోమని. ఆ అక్షరాల మీద దుమ్ము పేరుకుని ఉంటుంది.

ఇలాంటి చోట అప్పుడప్పుడూ ఒక తమాషా జరుగుతుంది. ఇద్దరు కుర్రాళ్లు వస్తారు. ఒకడికి ఇరవై మూడు. ప్రైవేటు కంపెనీలో ఉద్యోగం. నున్నగా గీసుకున్న గడ్డం, సన్నటి ఒళ్లు. చూస్తే పదో తరగతి పిల్లాడే. రెండోవాడు ఇంటర్ రెండో ఏడాది. పదిహేడు కూడా నిండలేదు. కానీ గుబురు గడ్డం, గంభీరమైన గొంతు. 

“నీకెన్నేండ్లు తమ్మీ? ఆధార్ ఉన్నదా?” అని ప్రశ్న పడేది మొదటివాడికే. ఫోన్‌లో ఫొటో చూపిస్తాడు. “గిది నడవదు. అసలుది తే” అంటాడు లోపలి మనిషి. పక్కనున్న ఇంటర్ కుర్రాడు చెయ్యి చాపి రెండు బీర్లంటాడు. మారు మాట లేకుండా రెండు బీర్లూ బయటికి వస్తాయి!

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వుతారు. ఉద్యోగం చేసుకుంటున్న కుర్రాడు నలుగురిలో చిన్నబుచ్చుకుంటాడు. కానీ ఇంట్లో ఇంటర్ చదివే కొడుకున్న తల్లికి ఇది నవ్వులాటేనా? అడగాల్సినవాణ్ని అడగలేదు. అక్కర్లేనివాణ్ని ఆపారు. ఉన్న చట్టం ఇద్దరిలో ఏ ఒక్కరికీ ఉపయోగపడలేదు.

అంకె చిన్నదే... కథ పెద్దది

మద్యం మీద అదుపు ఈ నేలకు కొత్త కాదు. నిజాం కాలంలో ఆబ్కారీ ఖజానాకు పెద్ద ఆదాయం. 1316 ఫస్లీలో వచ్చిన హైదరాబాద్ ఆబ్కారీ చట్టం తాటిచెట్టు నుంచి సారాబట్టీ దాకా లెక్క కట్టింది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక 1968లో రాష్ట్రమంతటికీ ఒకే ఎక్సైజ్ చట్టం వచ్చింది. 2014లో తెలంగాణ వచ్చినా ఆ చట్టమే పేరు మార్చుకుని కొనసాగుతోంది. దాని ప్రకారం ఇరవై ఒక్క ఏళ్లు నిండనివారికి మద్యం అమ్మకూడదు. 

పద్దెనిమిదికే ఓటు ఇచ్చినప్పుడు మందుకు మూడేళ్లు ఎక్కువెందుకు? కుర్రకారు ఎప్పుడూ వేసే ప్రశ్నే ఇది. 1989లో ఓటు వయసు 21 నుంచి 18కి దిగింది కదా, దీన్నీ దించరాదా అంటారు. డాక్టర్ల జవాబు వేరు. మెదడులో మంచిచెడ్డలు తూచే భాగం, తొందరపాటుకు కళ్లెం వేసే భాగం ఇరవై దాటాక కూడా ఎదుగుతూనే ఉంటుంది. అది గట్టిపడకముందే మత్తుకు అలవాటుపడితే ఆ అలవాటు వదలడం కష్టం. అలా చూస్తే ఇరవై ఒకటి అనేది ఎవరినో అవమానించడానికి పెట్టిన అంకె కాదు. ఎదిగే వయసుకు కట్టిన కంచె.

కంచె కట్టారు సరే... కాపలా ఎవరు?

జాలీ వెనక మనిషి

కాపలా బాధ్యత చివరికి వచ్చి పడేది కౌంటర్‌లో నిలబడ్డ మనిషి మీద. అతని సంగతీ వినాలి. 

తెలంగాణలో 2,620 మద్యం దుకాణాలున్నాయి. రెండేళ్లకోసారి లాటరీ తీసి లైసెన్సులిస్తారు. 2023లో దరఖాస్తుకు 2 లక్షల రూపాయలు కట్టాలి. లాటరీ తగలకపోతే ఆ డబ్బు తిరిగి రాదు. అయినా 1.31 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. ఒక్క సీసా అమ్మకముందే ప్రభుత్వానికి 2,600 కోట్ల రూపాయలకు పైగా చేరింది. 2025లో దరఖాస్తు రుసుము 3 లక్షలైంది. అప్పుడూ 95 వేల దాకా వచ్చాయి. ఆ లైసెన్సులు 2025 డిసెంబరు 1న మొదలయ్యాయి. 

ఇంత పెట్టుబడి పెట్టినవాడు రెండేళ్లలో అంతా రాబట్టుకోవాలి. పొద్దున పదికి తెరిస్తే రాత్రి పదికి మూయాలి. అసలు బేరమంతా సాయంత్రం మూడు నాలుగు గంటల్లోనే. అప్పుడు ఒక్కొక్కరినీ ఆపి కార్డు అడిగితే వెనక వరసలోంచి కేకలు మొదలవుతాయి. “ఏందన్నా, పిల్లనిస్తవా ఏంది, గన్ని వివరాలడుగుతున్నవ్?” అని వెక్కిరింపులు. అడగకపోతే ఎక్సైజ్ వాళ్లు తనిఖీకి వచ్చిననాడు కేసు. జీతానికి నిలబడ్డ సేల్స్‌మన్‌కు రెండువైపులా మాటలే.

పైగా అడగడమూ ఒక చిక్కే. ఈ వీధిలో అందరూ అందరికీ తెలిసినవాళ్లు. “ఫలానా సారు కొడుకు” అని తెలిసి కూడా కార్డు అడిగితే సారుకు కోపం. అడగకుండా ఇస్తే, రేపు ఆ పిల్లాడు బండి మీంచి పడితే అదే సారుకు ఇంకా కోపం! 

నార్కట్‌పల్లి – అద్దంకి రోడ్డు మీద రాత్రిపూట పోలీసులు బండ్లు ఆపుతారు. నోట్లో గొట్టం పెట్టి ఊదిస్తారు. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే కేసే. తాగాక ఊపిరి కొలవడానికి యంత్రం ఉంది. తాగకముందు వయసు కొలవడానికి మాత్రం జాలీ వెనక ఉన్న రెండు కళ్లే దిక్కు. 

మొహం చెప్పని లెక్క

ఆ కళ్లు నల్గొండలో మోసపోయినంతగా ఇంకెక్కడా మోసపోవేమో! ఎందుకంటే ఇక్కడ మొహం చూసి వయసు చెప్పడం అంత తేలిక కాదు.

పట్నం నుంచి పడమటి దారి పట్టి మునుగోడు, చండూరు, నాంపల్లి, మర్రిగూడ వైపు వెళ్తే రోడ్డుకు రెండువైపులా ఎర్రచెల్కలు, బత్తాయి తోటలు, పత్తి చేలు, మధ్య మధ్య నల్లటి గుండ్లు. దూరం నుంచి చూడముచ్చటైన నేల. దాని కిందున్న నీళ్లే తరాల తరబడి ఇక్కడి ఎముకలను వంచాయి. ఫ్లోరైడ్! తాగునీటిలో ఆ విషాన్ని తగ్గించడానికి నాగ్‌పూర్‌లోని ‘నీరి’ శాస్త్రవేత్తలు రూపొందించిన పద్ధతికి ‘నల్గొండ టెక్నిక్’ అనే పేరు స్థిరపడిందంటే ఈ జిల్లా కష్టం ఎంత దూరం పాకిందో తెలుస్తుంది. మిషన్ భగీరథ పైలాన్‌ను 2015లో అప్పట్లో ఈ జిల్లాలో ఉన్న చౌటుప్పల్‌లోనే నిలబెట్టారు. కృష్ణా జలాలు ఊళ్లకు వచ్చాక కొత్త తరం దంతాలు తెల్లబడ్డాయి. పాత తరం వంగిన ఎముకలు మాత్రం వంగినట్టే ఉన్నాయి.

ఆ పల్లెల్లో ముప్పై దాటినా మూడడుగులు పెరగని మనుషులున్నారు. చూస్తే చిన్నపిల్లలు. ఓటరు కార్డు చూస్తే పెద్దలు. ఎక్కడికెళ్లినా “నువ్వు చిన్నపిల్లాడివి కదా” అనే మాట వాళ్లకు సూదిలా గుచ్చుకుంటుంది. బస్సులోనైనా బ్యాంకులోనైనా వయసును కాగితంతో రుజువు చేసుకోవాల్సిందే. అదే ఊళ్లో, పదహారేళ్లకే పత్తి మూటలు ఎత్తి, బోరుబండి మీద కూలికి తిరిగి, ఎండకు నల్లబడి పాతికేళ్లవాడిలా కనిపించే కుర్రాడూ ఉంటాడు. అతణ్ని ఎవరూ ఏమీ అడగరు. 

కంటికి కనిపించే వయసును నమ్ముకుంటే జరిగేది ఇదే. కష్టం ఒకరి వయసు దాచేసింది. మరొకరి వయసు పెంచేసింది. 

జూన్‌లో పుట్టిన ఊరు

సరే, కాగితమే చూద్దాం అనుకున్నా ఇంకో చిక్కు. ఏ ఊళ్లోనైనా నలభై దాటినవాళ్ల పుట్టినరోజులు అడిగి చూడండి. సగం ఊరు జూన్‌లోనే పుట్టి ఉంటుంది! బడి తెరిచేది జూన్‌లో కదా. పిల్లాణ్ని తీసుకుపోయి కూర్చోబెడితే పంతులు గారు “ఐదేండ్లు నిండినయా?” అని అడిగేవారు. కుడిచేత్తో తల మీంచి ఎడమ చెవి అందుకోమనేవారు. అందితే నిండినట్టే. ఆ పూట రిజిస్టర్‌లో పడిన తేదీయే పదో తరగతి మెమోలోకి, అక్కణ్నుంచి ఉద్యోగంలోకి, పింఛనులోకి నడిచింది. బడి మొహం చూడనివారి ఆధార్ కార్డుల్లో జనవరి 1 కనిపిస్తుంది. “మూసీకి వరదొచ్చిన యేడు పుట్టిండు”, “కరువుల పుట్టింది” అనేవే అమ్మమ్మల లెక్కలు. 

ఇప్పటి పిల్లల సంగతి మారింది. కాన్పులు ఆస్పత్రుల్లో అవుతున్నాయి. చేతికి పుట్టిన కాగితం వస్తోంది. 2023లో సవరించిన జనన మరణాల నమోదు చట్టం ప్రకారం ఆ ఏడాది అక్టోబరు 1 తర్వాత పుట్టినవాళ్లకు బడి నుంచి పాస్‌పోర్టు దాకా జనన ధ్రువపత్రమే ఆధారం. వాళ్లు ఇరవై ఒకటికి వచ్చేసరికి 2044. అప్పటి వైన్స్‌లో ఎలాంటి జాలీ ఉంటుందో! 

ఈ మధ్యకాలంలో ఉన్న కుర్రాళ్ల కష్టమే వింతగా ఉంటుంది. తొందరగా బడిలో వేయాలని తల్లిదండ్రులు వయసు ఒక ఏడాది పెంచి రాయించినవాళ్లున్నారు. ఉద్యోగానికి పనికొస్తుందని తగ్గించి రాయించినవాళ్లూ ఉన్నారు. కాగితం మీద ఇరవై ఒకటి, ఒంటికి ఇరవై. లేదా ఒంటికి ఇరవై రెండు, కాగితం మీద ఇరవై. ఇందులో ఏది నిజమని సేల్స్‌మన్ తేల్చాలి? చట్టానికి కాగితమే నిజం. అతనికి మాత్రం కౌంటర్ ముందున్న రద్దీయే నిజం.

నాన్న తెమ్మన్నడు

ఇదంతా పట్నం ముచ్చట. అసలు కథ ఊళ్లలో ఉంది.

లైసెన్సున్న వైన్స్ మండల కేంద్రంలోనో, మెయిన్ రోడ్డు మీదో ఉంటుంది. మరి ఊళ్లో తాగేవాడికి? అందుకే బెల్టు షాపు. కిరాణా కొట్టు అల్మారా వెనక, గుడిసెలో పాత ఫ్రిజ్‌లో, టీ హోటల్ బల్ల కింద. అక్కడ బోర్డు లేదు. బిల్లు లేదు. వేళ లేదు. సీసాకు పదో ఇరవయ్యో ఎక్కువ. అసలు ఆ అమ్మకమే చట్టం ఒప్పుకోనిదైనప్పుడు అక్కడ వయసు తనిఖీ గురించి ఎవరు మాట్లాడతారు? 

పొద్దుగూకే వేళ అలాంటి కొట్టు ముందుకు ఓ పిల్లాడు వస్తాడు. తొమ్మిదో పదో ఏళ్లుంటాయి. బడి యూనిఫారం చొక్కా ఇంకా విప్పలేదు. పిడికిట్లో నలిగిన నోట్లు. “నాన్న తెమ్మన్నడు” అంటాడు. ఏం తెమ్మన్నాడో కొట్టతనికి చెప్పక్కర్లేదు. రోజూ తెచ్చేదే. పాత దినపత్రికలో చుట్టిన క్వార్టర్ సీసా పిల్లాడి చేతికి వస్తుంది. చిల్లరకు బదులు ఓ చాక్లెట్. పిల్లాడు సంబరంగా పరుగెత్తుతాడు. దారిలో సీసా పగిలితే ఇంట్లో దెబ్బలు పడతాయని దాన్ని రెండు చేతులా గుండెకు హత్తుకుని మరీ పరుగెత్తుతాడు. 

ఈ దృశ్యం తెలియని పల్లె ఉందా? పెద్దలకు ఇందులో తప్పు కనిపించదు. “వాడు తాగుతడా ఏంది, తెచ్చిస్తడు గంతే” అంటారు. ఉప్పు తెమ్మన్నట్టే, పప్పు తెమ్మన్నట్టే!

కానీ చట్టం దీన్ని ఉప్పూ పప్పూ అనుకోలేదు. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకు మద్యం ఇస్తే ఏడేళ్ల దాకా కఠిన శిక్ష, లక్ష రూపాయల దాకా జరిమానా. డాక్టర్ మందుగా రాస్తే తప్ప మినహాయింపు లేదు. పిల్లల చేత మద్యం అమ్మించినా, మోయించినా, సరఫరా చేయించినా అంతే శిక్ష. అంటే పిల్లాడి చేతిలో సీసా పెట్టిన కొట్టతనే కాదు, పంపిన నాన్న కూడా ఆలోచించుకోవాల్సిందే. తొమ్మిదేళ్ల పిల్లాడు ఆ చట్టం పేరు వినలేదు. అతను నేర్చుకున్నది వేరు. సీసా ఎక్కడ దొరుకుతుంది, ఎంతకు దొరుకుతుంది, ఏ రంగు మూత నాన్నకు ఇష్టం... ఇరవై ఒకటికి పన్నెండేళ్ల ముందే అన్నీ కంఠతా వచ్చేశాయి. 

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత లెక్క చూడండి. తెలంగాణలో పదిహేనేళ్లు దాటిన మగవాళ్లలో 43.3 శాతం మంది మద్యం తాగుతారు. ఆడవాళ్లలో 6.7 శాతం. దేశంలో అరుణాచల్ ప్రదేశ్ తర్వాత మగవాళ్ల లెక్కలో ముందున్నది తెలంగాణే. చట్టం ఇరవై ఒకటి దగ్గర గీత గీసింది. సర్వే వాళ్లు పదిహేను నుంచే అడగాల్సి వచ్చింది. 

మునుగోడు ప్రాంతంలో ఈ గోడు బాగానే వినిపించింది. 2022 నవంబరులో అక్కడ ఉప ఎన్నిక జరిగినప్పుడు రాష్ట్రమంతా ఆ పల్లెల వైపే చూసింది. మందు ఏరులై పారిందని పత్రికలు రాశాయి. తర్వాత అక్కడి ఎమ్మెల్యే కోమటిరెడ్డి రాజగోపాల్ రెడ్డి బెల్టు షాపులు మూయించాలని పట్టుబట్టడం, 2025లో కొత్త లైసెన్సుల వేళ దుకాణాలకు షరతులు చెప్పడం చర్చకు దారి తీసింది. లైసెన్సు నిబంధనలు ప్రభుత్వానివి కదా, ఎమ్మెల్యే ఎలా చెబుతారని అడిగినవాళ్లున్నారు. ఎవరో ఒకరు చెప్పాలి కదా అన్న తల్లులూ ఉన్నారు. 

తాటి చెట్టు కింద

ఇక్కడో మాట ఒప్పుకోవాలి. ఈ నేలకు సీసా కొత్త గానీ మత్తు కొత్త కాదు. చెరువు కట్టల మీద తాళ్లు, వాగుల వెంట ఈదులు. మోకు, ముస్తాదు వేసుకుని గౌడన్న చెట్టెక్కితే కింద తాటాకు రేకలు పట్టుకుని ఎదురుచూసేవాళ్లలో ముసలీ ముతకా, ఆడా మగా అందరూ ఉండేవారు. బోనాలకు కల్లు సాక పోయాల్సిందే. దావత్ అంటే లొట్టి దిగాల్సిందే. అప్పుడే దించిన తియ్యటి ఈత కల్లు పిల్లలకు ఒక గుక్క పోసే అవ్వలను ఎవరూ తప్పు పట్టలేదు. చలువ చేస్తుందనేవారు. 

అప్పుడు వయసు తనిఖీ లేదు నిజమే. కానీ ఓ కాపలా ఉండేది. పోసేవాడు ఊరివాడు. తాగేది పది మంది మధ్య. పిల్లాడు రెండో రేక అడిగితే “చాలు పో” అనే పెద్దమనిషి అక్కడే కూర్చుని ఉండేవాడు. చెట్టు ఎంత ఇస్తే అంతే. అందరికీ ఇంత. 

ఆ కల్లూ కల్తీ అయ్యాక కథ మారింది. చెట్లు తరిగాయి. మత్తుమందులు కలిశాయి. 2015 సెప్టెంబరులో కల్తీ మీద దాడులు పెరిగి ఆ మందు దొరక్కపోయేసరికి మహబూబ్‌నగర్, నిజామాబాద్ జిల్లాల్లో వందల మంది వింతగా ప్రవర్తిస్తూ ఆస్పత్రుల పాలయ్యారు. తాగుతున్నది కల్లు కాదని అప్పుడు తెలిసింది చాలామందికి.

ఇక సారా సంగతి. ప్యాకెట్ల సారా ఊరూరా దొరికిన రోజుల్లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు 1992లో కొట్టు మూయించారు. అక్షర దీపం తరగతుల్లో మొదలైన ఆ మాట రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం తెచ్చింది. 1997లో అది సడలిపోయింది. గుడుంబా, దొంగ రవాణా, ఖాళీ అయిన ఖజానా... కారణాలు చాలానే చెప్పారు. ఆ ఆడవాళ్లు కోరింది మాత్రం చాలా చిన్నది. కూలి డబ్బు ఇంటికి రావాలి. పిల్లాడు బడికి పోవాలి. 

అందరికీ బంద్ పెట్టడం నిలబడలేదు. కనీసం పిల్లలకైనా బంద్ పెట్టడం కుదరదా? వయసు తనిఖీ అనేది ఆ పాత పోరాటంలో మిగిలిన ఆఖరి ముక్క.

ఏరు దాటితే వయసు మారేనా?

మిర్యాలగూడ రైసుమిల్లులు దాటి దామరచర్ల మీదుగా వెళ్తే వాడపల్లి. మూసీ వచ్చి కృష్ణలో కలిసే చోటు. వంతెన అవతల ఆంధ్రప్రదేశ్. అక్కడా ఇరవై ఒకటే. కానీ 2019 నుంచి 2024 దాకా అవతల ప్రభుత్వ దుకాణాలే ఉండి, దొరికే బ్రాండ్లూ ధరలూ వేరయ్యేసరికి చాలామంది వంతెన దాటి ఇటు వచ్చారు. సరిహద్దు చెక్‌పోస్టుల్లో సంచులు వెతికారు. సీసాలెన్ని అని లెక్కపెట్టారు. ఏళ్లెన్ని అని అడగడం ఎవరికీ గుర్తులేదు.

పాలమూరు వైపు సంగతి ఇంకా తమాషా. నారాయణపేట, మక్తల్ దాటి కృష్ణ మీది వంతెన దాటితే కర్ణాటకలోని రాయచూరు. అక్కడి ఎక్సైజ్ చట్టంలో 18 అని ఉంది. లైసెన్సుల నిబంధనల్లో 21 అని ఉంది! ఈ తికమక తీర్చి 18కే ఖాయం చేద్దామని 2023 జనవరిలో అక్కడి ప్రభుత్వం ముసాయిదా తెచ్చింది. జనం గోల చేసేసరికి వెనక్కి తీసుకుంది. 

దేశమంతా ఇదే గందరగోళం. గోవా, పుదుచ్చేరిల్లో 18. కేరళలో 2017 నుంచి 23. ఢిల్లీ, పంజాబ్‌లలో 25. హర్యానా 2021లో 25 నుంచి 21కి దించింది. మహారాష్ట్రలో బీరు, వైన్‌కు 21, ఘాటు మందుకు 25. గుజరాత్, బిహార్‌లలో ఎన్నేళ్లొచ్చినా అసలు లేదు! నల్గొండలో కొనకూడని ఇరవై ఏళ్ల కుర్రాడు స్నేహితులతో గోవా రైలెక్కితే దర్జాగా కొనొచ్చు. తిరిగొచ్చి సికింద్రాబాద్‌లో దిగగానే మళ్లీ చిన్నపిల్లాడు.

తెల్లజుట్టుకూ తప్పని తనిఖీ

నల్గొండ, మిర్యాలగూడ, సూర్యాపేటల నుంచి అమెరికా వెళ్లిన పిల్లలు వేల మంది. వాళ్ల దగ్గరికి ఆరు నెలలు ఉండిపోదామని వెళ్లిన తండ్రులు చెప్పే ముచ్చట ఒకటుంది. కొడుకుతో కలిసి షాపుకు వెళ్తే, బిల్లు దగ్గర నిలబడ్డ పిల్ల నవ్వుతూ “ఐడీ ప్లీజ్” అంటుంది. ఎవరిని? అరవై దాటిన పెద్దాయన్ని! “నా మనవడికే ఆరేండ్లు, నన్ను అడుగుతవా బిడ్డా?” అనుకుంటాడు లోపల. కోపం రావాలా, వయసు తగ్గిందని సంతోషపడాలా తేల్చుకోలేక పాస్‌పోర్టు తీస్తాడు. 

అక్కడ చాలా దుకాణాల్లో మొహం చూసి అంచనా వేసే పని పెట్టుకోరు. 1984లో తెచ్చిన చట్టంతో అమెరికా అన్ని రాష్ట్రాలనూ 21కి ఒప్పించింది. ఒప్పుకోకపోతే హైవేల నిధుల్లో కోత అంది. 1988 నాటికి అన్నీ దారికొచ్చాయి. బ్రిటన్‌లో మద్యం వయసు 18. కానీ పాతికేళ్ల లోపువాడిలా కనిపిస్తే చాలు, కార్డు అడగాలనే పద్ధతిని అక్కడి దుకాణాలు పెట్టుకున్నాయి. గీతకు ఏడేళ్ల అవతలే ఆపితే గీత దగ్గర పొరపాటు తక్కువ. జపాన్ దుకాణాల్లో ఇరవై నిండాయని గిరాకీయే తెర మీద వేలు పెట్టి ఒప్పుకోవాలి. 

అందులో కనిపించని మర్యాద ఒకటుంది. అందరినీ అడిగితే ఎవరికీ అవమానం లేదు. ఒక్కణ్ని అడిగితేనే చిన్నతనం. గడియారం సెంటర్ కుర్రాడికి కోపం వచ్చింది అడిగినందుకు కాదు. తననే అడిగినందుకు.

తేల్చేదెవరు?

ఈ మాట సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. మద్యం అమ్మే ప్రతిచోటా వయసు తనిఖీ తప్పనిసరి చేయాలంటూ ఒక స్వచ్ఛంద సంస్థ వేసిన పిటిషన్‌పై 2024 నవంబరులో కోర్టు కేంద్ర ప్రభుత్వానికి నోటీసు ఇచ్చింది. రాష్ట్రానికో వయసు ఉన్న దేశంలో, వయసు అడిగే పద్ధతంటూ ఒకటి ఉండాలన్నదే ఆ పిటిషన్ సారాంశం.

కోర్టు ఏం చెప్పినా పట్నంలో వైన్స్‌కే అది అందుతుంది. కార్డు చూసే యంత్రం పెట్టొచ్చు. కెమెరా పెట్టొచ్చు. బోర్డు మీద దుమ్ము తుడవొచ్చు. ఊరి చివర అల్మారా వెనకున్న సీసాకు ఏ యంత్రం పెడతారు? అక్కడ పనికొచ్చే తనిఖీ ఒక్కటే. కొట్టు మీద కూర్చున్న మనిషి “నీకియ్య బిడ్డా, మీ నాయనను రమ్మను” అనడం. పైసా ఖర్చు లేదు. నాయన వస్తాడో రాడో. వస్తే నలుగురి ముందు తానే చెయ్యి చాపాలి. రాకపోతే ఆ పూటకు ఇంట్లో కూలి డబ్బు మిగులుతుంది. ఒకటి రెండు బేరాలు పోతాయి నిజమే. అలా అన్న కొట్టువాళ్లు ఊళ్లలో అక్కడక్కడా లేకపోలేదు. ఎక్కువగా ఆ మాట అనేది కొట్టు మీద కూర్చున్న ఆడవాళ్లే. తమ ఇంట్లోనూ అదే వయసు పిల్లాడు ఉంటాడు మరి!

నల్గొండకు ఆనుకునే పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం ఉంది. పొద్దు పొడిచిన దగ్గర్నుంచి పొద్దు గూకేదాకా గర్భగుడిలో స్తంభం లాంటి నీడ కదలకుండా పడుతుంది. సూర్యుడు ఎక్కడున్నా నీడ అక్కడే. చూసినవాళ్లంతా ఆశ్చర్యపోతారు. కానీ ఆ నీడను చూసి ఇప్పుడెంత పొద్దయిందో ఎవరూ చెప్పలేరు. దానికి బయటికి వచ్చి ఆకాశం చూడాలి, లేదా పట్నంలోకి వచ్చి గడియారం చూడాలి.

వయసూ అంతే. మొహం మీది గడ్డాన్ని చూసి చెప్పేది కాదు. ఆగి అడగాలి. 

రాత్రి పది కావస్తోంది. గడియారం సెంటర్‌లో బజ్జీల బండ్లు సర్దుతున్నారు. వైన్స్ షట్టర్ సగం దిగింది. ఆఖరి నిమిషంలో పరుగెత్తుకొచ్చిన కుర్రాడు సగం దిగిన షట్టర్ కిందికి వంగి చెయ్యి చాపాడు. చాలాసేపటికి, వంగినందువల్ల, లోపలి మనిషికి ఒక మొహం కనిపించింది. 

“ఇరవై ఒకటి నిండినయా తమ్మీ?”

కుర్రాడు జవాబు చెప్పలేదు. చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకున్నాడు. షట్టర్ పూర్తిగా దిగింది.